ఒడి బియ్యం పోయకు బావా

రావల్కోల్,
బుధవారం

ప్రియమైన బావ వెంకటనర్సయ్యకు,

నా రాత కోడి గీరినట్టు ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే ఏమనుకోకు. మా ఊరి బడిలో ఐదో తరగతితోనే ఆపేసినవాణ్ణి. ఫోన్‌లో చెబుదామంటే నాకు మాట రాదు. పొద్దున నువ్వు చేసినప్పుడు కూడా ఊ, ఆ అని పెట్టేశాను. అప్పటి నుంచి కడుపు మండుతూనే ఉంది.

నువ్వేమన్నావు? "పొల్లకు సమజాయించిన బావ. శుక్రవారం మంచిగుంది. ఒడి బియ్యం పోసి పంపుతున్న" అన్నావు. ఏదో మంచి పని చేసినట్టు సంబరంగా అన్నావు. పంపకు. ఇది చెప్పడానికే రాస్తున్నాను.

నగేష్ నా కొడుకే. గుండ్లపోచంపల్లి గోదాముల్లో బండి నడుపుతాడు. జీతం మంచిదే, ఇంట్లోకి మాత్రం ఇవ్వడు. నీ బిడ్డ రోజారాణి జాకెట్లు కుట్టి సంపాదించిన పైసలు కూడా గుంజుకుంటాడు. అవి చాలక ఈసారి కుట్టుమిషనే అమ్మేశాడు. ఎందుకు అమ్మావని అడిగినందుకు ఛార్జర్ వైరుతో కొట్టాడు. మీ ఇంటికి పోకుండా ఆధార్ కార్డు దాచేశాడు. ఆడవాళ్ళకు బస్సు ఉత్తగనే అయినా కార్డు చూపించాలి కదా. అయినా ఎక్కింది. కండక్టరమ్మ కార్డు అడగబోయి, ఆమె చెయ్యి చూసి, ఏమీ అడగకుండా జీరో టికెట్ కొట్టి ఇచ్చిందట. మీ ఇంటికి చేరాక నాకు ఫోన్ చేసి చెప్పింది. ముక్కూ మొహం తెలియని కండక్టరమ్మకు కనబడిన దెబ్బ కన్నతండ్రివి నీకు కనబడలేదా బావా?

ఇంతకుముందు కూడా ఇట్లనే ఒడి నింపి పంపావు. ఆ బియ్యం అయిపోకముందే వాడు మళ్ళీ చెయ్యెత్తాడు. మొగోడన్నంక కోపం ఉంటది అంటావు నువ్వు. నేనూ మొగోణ్ణే. నాకూ కోపం వస్తుంది, ఇప్పుడు ఒళ్ళంతా కోపమే. నేను ఎవరిని కొట్టాను?

నిన్న మా ఊరి మహిళా సంఘం మీటింగు జరుగుతుంటే పోయాను. లోపలంతా ఆడవాళ్ళే. చెప్పులు విడిచిన చోటే నిలబడ్డాను. లీడరు దుర్గాబాయి చూసి, "ఏం సిద్దిరాములు బాపు, పొదుపు కడ్తవా, లోన్ కావాల్నా?" అంది. అందరూ నవ్వారు. "నా కొడుకు కోడలిని కొడ్తుండు. ఆపుడు నాతోని అయితలేదు" అన్నాను. దుర్గాబాయి జరిగి చాప మీద నాకు జాగా ఇచ్చింది. రోజారాణి ఏం కోరితే దానికి తాము నిలబడతామంది. దెబ్బలు తిన్న ఆడవాళ్ళ కోసం సర్కారు పెట్టిన సఖి కేంద్రంలో డాక్టరుకు, వకీలుకు చూపిస్తారట. స్టేషన్‌కు కూడా తామే తోడు వస్తామన్నారు. ఈ పనులన్నీ అయ్యేవరకు బిడ్డను నీ దగ్గరే ఉంచు. తరువాత నా దగ్గర ఉంటుంది. ఇల్లు నా పేరు మీదే ఉంది, నగేష్‌ను నేనే బయటికి పంపిస్తాను.

పాల ఆటో బాలేష్‌కు ఈ ఉత్తరం ఇస్తున్నాను. జవాబు అతని చేతికే ఇవ్వు.

నీ బావ,
సిద్దిరాములు


రావల్కోల్,
ఆదివారం

బావ వెంకటనర్సయ్యకు,

ప్రియమైన అని రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు. ఉత్తరం నీ చేతికే ఇచ్చానని బాలేష్ చెప్పాడు. జవాబుకు బదులు, తొమ్మిది రోజుల కింద శుక్రవారం నాడు బిడ్డనే పంపావు. ఒడి నిండా బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు. ఆటో దిగేటప్పుడు ఆ బరువుకు వంగిపోయింది.

నగేష్ అరుగు మీదే కూర్చున్నాడు. "సూసినవా బాపు, వాళ్ళ నాయిననే పంపిండు. నడుమ నీకేం నొస్తాంది?" అని నవ్వాడు. ఆ నవ్వు వాడికి నువ్విచ్చిందే. నేను రోజారాణిని గడప ఎక్కనియ్యలేదు. అట్లనే సంఘం దగ్గరికి తీసుకుపోదామంటే వాడు అడ్డం వచ్చాడు. జరుగు అన్నాను. నాకు అంత గొంతు ఉందని వాడికీ తెలియదు, నాకూ తెలియదు. జరిగాడు.

సంఘంలో కూర్చోగానే నేను అందుకున్నాను. కోడలు మా ఇంట్లోనే ఉంటుందని, కొడుకును వెళ్ళగొడతానని చెప్పబోయాను. "నువ్వు జర ఆగు బాపు. ఆమెకు నోరుంది" అంది దుర్గాబాయి.

రోజారాణి ఒడి బియ్యం మూట చాప మీద దించింది. తరువాత నా దిక్కు తిరిగింది.

"మామా, కోపం చేసుకోకు. నువ్వున్నన్ని దినాలు గా ఇంట్ల నన్నెవరు ముట్టరు. నువ్వు పోయినంక? నాయిన ఇంట్ల నాయిన దయ, ఈడ నీ దయ. నాకు దయ వద్దు. తాళంచెవి నా చేతిల ఉండే అర్ర ఒకటి కావాలె."

నాకు నొచ్చింది బావా. నేను మంచి చేస్తుంటే ఈ పిల్ల కాదంటుందేంది అనుకున్నాను. ఇంటికి నడుస్తుంటే అర్థమైంది. నీ ఇల్లు నీది, నా ఇల్లు నాది. ఇన్నేళ్ళు ఆమెను మనిద్దరం సంచిలాగ ఈ గడప నుంచి ఆ గడపకు మోశాం. నీ మీద ఉన్న కోపంలో కొంత నా మీదికి కూడా మళ్ళింది.

తెల్లారి సఖి కేంద్రంలో డాక్టరమ్మ దెబ్బలన్నీ చూసింది. అక్కడి నుంచి స్టేషన్‌కు పోయాం. సంఘం ఆడవాళ్ళు ఆటో నిండా వచ్చారు. రోజారాణి దరఖాస్తు ఇచ్చింది. కొట్టడం చూసినవాళ్ళు ఉన్నారా అని అడిగితే లేచి నిలబడ్డాను. అతనికి ఏమవుతారు అన్నారు. తండ్రిని అన్నాను. రాసేటాయన కలం ఆపి నా మొహంలోకి చూశాడు.

"రాయి సార్" అన్నాను.

ఇప్పుడు రోజారాణి మేడ్చల్‌లో, దుర్గాబాయికి తెలిసినవాళ్ళింట్లో ఒక అర్ర కిరాయికి తీసుకుంది. సంఘం వాళ్ళు మిషన్ ఇచ్చారు. బడిపిల్లల యూనిఫాంలు కుడుతోంది. కూలి ఆమె చేతికే వస్తుంది. నగేష్‌ను స్టేషన్‌కు పిలిపించారు. వాడు నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోతే మానె.

ఇంత జరిగినా నిన్న నువ్వు ఫోన్ చేసి, మంచి రోజు చూసుకొని వచ్చి బిడ్డకు నచ్చజెప్తానన్నావు. అందుకైతే రాకు. తీసుకుపోవడానికీ రాకు. బిడ్డ ఎట్ల ఉందో చూడాలనిపిస్తే రా. ఆమె అర్ర తలుపు కొట్టి బయటనే నిలబడు. తీస్తదో తీయదో ఆమె ఇష్టం.

వస్తున్నావో లేదో జల్దీ జవాబు రాయి.

సిద్దిరాములు