పురుగు కొరకని ఆకు

చిట్యాల

నా బంగారు మనస్వినికి,

నువ్వు గీసి పంపిన గులాబి బొమ్మ అందింది. ఫోన్‌ల ఏడుపే వస్తది, మాట రాదు, అందుకే రాస్తున్న. ముల్లు ముట్టుకుంటే గుచ్చేటట్టున్నది. గని ఆకును దీపం కాడ పెట్టి మల్లమల్ల చూసిన. పురుగు కొరికిన జాగ ఒక్కటి లేదు. మీ అక్క స్వర్ణ కూలికి పోయి పురుగులమందు కొట్టిన షెడ్డుల ఆకులు గిట్లనే మెరిసేటియి. ఆ మందు పీల్చి అక్క ‘జర తలనొప్పే అమ్మా’ అన్నది. నేను దవాఖానకు చేరేసరికి దాని చెయ్యి సల్లవడ్డది.

నిజం చెప్పు బిడ్డా. గులాబీల షెడ్డుల కూసోని గీస్తున్నవా?

నీ మీదనే పానం పెట్టుకున్న
అమ్మ లీలమ్మ

మహబూబ్‌నగర్

ప్రియమైన అమ్మకు,

షెడ్డు లేదు గిడ్డు లేదు. పరమేష్ సార్ చెట్ల పుస్తకానికి బొమ్మలు గీస్తున్న కదా, ఆయన పెరట్లనే గీసిన. ఆకుల బొక్కలు అందంగ లేవని నేనే పూడ్చిన. ఉత్తగనే ఫికర్ చేస్తవు. తొందరల రాస్తున్న, రాత వంకరైంది, తిట్టకు.

నీ మను

చిట్యాల

మనూ,

‘ఉన్నది ఉన్నట్టు గీయాలె, ఎండిన ఆకును పచ్చగ చేస్తే సార్ కాయిదం చింపుతడు’ అని నువ్వే చెప్తివి. మరి బొక్కలెట్ల పూడ్చినవు? బొమ్మ అబద్ధమాడలే, నువ్వే ఆడుతున్నవు. చేతులు వణుకుతున్నయా? బతుకమ్మకు వచ్చినప్పుడు అక్క చేతుల నీళ్ల సర్వ జారిపడ్డది. నవ్వుకుంట ‘నిద్ర చాలలే’ అన్నది.

జల్ది జవాబియ్యి. నాకు బువ్వ దిగుతలేదు.

అమ్మ

మహబూబ్‌నగర్

అమ్మా,

కోపం చెయ్యకు. షెడ్డులనే గీసిన. సార్ వద్దన్నడు, నేనే పోయిన. అది అక్క పనిచేసిన షెడ్డు. అక్క రోజూ చూసిన పువ్వును దగ్గర నుంచి చూడాలనిపిచ్చింది. మందు కొట్టిన దినం లోపలనే ఉన్న, చేతులు వణికినయి. దవాఖానల చూపిచ్చుకున్న, ఫికర్ లేదన్నరు. ఇగ పోను, అక్క మీద ఒట్టు. ఈసారి నిజంగనే సార్ పెరట్ల నాటు గులాబి గీసిన. చూడు.

నీ మను

చిట్యాల

నా బంగారు తల్లీ,

బొమ్మ చూసిన. ఆకు సగం జల్లెడైంది. అంచుకు పచ్చపురుగు, దాని కాళ్లు సుత గీసినవు. పురుగు బతికిన కాడ నా బిడ్డ బతుకుతదని, బొమ్మను స్వర్ణ ఫొటో పక్కన పెట్టి ఇన్ని బువ్వ మెతుకులు తిన్న.

నీ చెయ్యి ఎచ్చగ నా చేతుల పడేదాక భయం పోదు. పొద్దుగాల బస్సుకు వస్తున్న. జిందగంత పత్తిచేన్లల్ల పురుగులను నలిపినదాన్నే చెప్తున్న: నేను వచ్చేదాక గా పురుగును తోలకు బిడ్డా. కడుపునిండ తిననియ్యి.

మీ ఇద్దరి అమ్మ