నీటిచుక్క చెప్పిన సంగతి

వదినకు,

మనమనుకున్నట్టు ఉరుకుందక్క ఆయాసం మగ్గం దుమ్ము వల్ల కాదు. కర్నూలులో డాక్టరమ్మ అక్క ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు సూదితో తీసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూసింది.

"ఈ క్యాన్సర్ కణాలు ఈడ పుట్టినవి కావమ్మా, గర్భసంచి ముఖద్వారం నుంచి వచ్చినట్టుండాయి. రక్తమేమన్నా పోతాందా?" అని అడిగింది.

అక్క తల దించుకుంది. ఏడాదిగా పోతోందట. సిగ్గుపడి నాకూ చెప్పలేదు.

తానూ చూస్తానని అడిగి, ఆ ఊదారంగు కణాల గుంపుల మీద నుంచి అక్క చాలాసేపు కన్ను తీయలేదు. "నేను యాడా చెప్పుకోలేనిది చుక్క నీళ్లు చెప్పినాయే," అంది.

పూర్తిగా నయం కాదట. ఆయాసం తగ్గడానికి సోమవారం నుంచి మందు ఎక్కిస్తారు. అన్నకు నువ్వే చెప్పు. నువ్వు కూడా సిగ్గుపడకుండా గర్భసంచి పరీక్ష చేయించుకో. ఈ మాట అక్కే రాయమంది.

నీ చిన్నాడబిడ్డ