మోటరు తిరగకపోతే ఏం చేయాలి

బెంగళూరు,
గురువారం.

అన్నకు, వదినకు, అమ్మకు, నాయినకు మీ కరుణ వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరూ బాగున్నారనే నమ్ముతున్నాను, అయినా రాయండి. నాయిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఖేడ్ దవాఖానలో ఇచ్చిన గోలీలు వేసుకుంటున్నాడా, డబ్బాలోనే దాచిపెట్టాడా? వదిన దగ్గు పోయిందా? కందికి పురుగు పట్టిందన్నారు, మందు కొట్టాక ఎలా ఉంది?

నా గురించి దిగులు పెట్టుకోవద్దు. తింటున్నాను, పడుకుంటున్నాను. ఇక్కడ రోజూ ముసురే, ఉతికిన బట్టలు ఆరవు. జొన్నరొట్టె దొరుకుతుంది కానీ మరీ పల్చగా చేస్తారు, నాలుగు తిన్నా తిన్నట్టుండదు. మన బీదర్ వైపు కన్నడం నా నోట్లోంచి వస్తే ఆఫీసులో నవ్వుతారు. నవ్వనీ, నా పని నడుస్తోంది. ఆదివారం చర్చిలో పాటలన్నీ కన్నడంలోనే, నాకు వాటి రాగాలింకా పట్టుబడలేదు. అప్పుడు మాత్రం మీరంతా గుర్తొచ్చి ఏడుపొస్తుంది. దాచడమెందుకు.

ఇక అన్నా, నువ్వు ఫోన్‌లో అన్న మాటకు వస్తాను. ఆ రోజు కోపమొచ్చి పెట్టేశాను. అందుకే ఇది కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. ఇలాగైతే నువ్వు మధ్యలో అడ్డుపడలేవు. వదినే అందరికీ చదివి వినిపించాలి, ఒక్క ముక్క వదలకుండా.

నువ్వేమన్నావు? “గా సహాయం పేజీలు ఎవడు సదువుతడే? ఇగ చాలు, వచ్చెయ్. ఖేడ్ల బడి సారుతోని నీ నౌకరి సంగతి మాట్లాడి పెట్టిన.”

ఎవరు చదువుతారో చెబుతాను. మా కంపెనీ మొబైల్ స్టార్టర్లు చేస్తుంది కదా, నాయిన బోరుకు పెట్టించినటువంటివే. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో నొక్కితే పొలంలో మోటరు తిరగాలి. తిరగనప్పుడు ఏం చేయాలో ఫోన్‌లోనే చూసుకునే పేజీలు తెలుగులో, కన్నడంలో రాసేది నేను. మోటరు బాగా తిరిగినన్నాళ్లూ వాటిని ఎవరూ చదవరు, నిజమే. చేను ఎండుతున్న రోజు చదువుతారు.

ఇప్పుడు గొడవంతా ఆ పేజీలు ఏ సాఫ్ట్‌వేర్‌లో తయారు చేయాలన్న దాని మీదే. మా మేనేజర్ శశిధర్ సార్ ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. ఆయన పాత కంపెనీలో ఏళ్ల తరబడి దాంట్లోనే పనిచేశాడట. తెరిస్తే స్క్రీన్ నిండా బటన్లే. నేర్చుకోమన్నాడు, కూర్చున్నాను. మొదటి వారంలోనే పరువు పోయింది. అందులో మనం రాసే పేజీ వేరు, దాని నుంచి సాఫ్ట్‌వేర్ తయారు చేసి చదివేవాళ్లకు చూపించే పేజీ వేరు. నేనేమో చూపించే పేజీల్లో తప్పులు దిద్దుకుంటూ పోయాను. పిండిలో వేయాల్సిన ఉప్పు కాలిన రొట్టె మీద చల్లినట్టు. సాయంత్రం బటన్ నొక్కగానే అది పాత రాతలోంచి పేజీలన్నీ కొత్తగా తయారు చేసింది, నా దిద్దుబాట్లన్నీ ఊడ్చుకుపోయాయి. అందరూ పగలబడి నవ్వారు. చేతకాకపోతే ఇప్పుడే చెప్పమన్నాడు సార్.

చెప్పలేదు. కసి పట్టి కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు దాంట్లో నాకు రాని పనిలేదు, సారే ఒప్పుకున్నాడు. అంతా నేర్చుకున్నాకే అంటున్నాను, అది మన పనికి పనికిరాదని.

ఎందుకంటే నాయినకు ఒక పేజీ పంపి, మనూర్ పొలం దగ్గర తెరవమని చెప్పాను. అక్కడ మెసేజ్ పోతుంది కానీ నెట్ సరిగా రాదు. కాసేపు చూసి నాయిన ఫోన్ చేశాడు. “బిడ్డా, ఫోన్ల చక్రమైతే తిరుగుతుంది గని పేజీ వస్తలేదు. మోటరు దగ్గర నిలబడి ఎంతసేపు సూడాలె?” అన్నాడు. ఆ పేజీలను ముందే మోటరు నడిపే యాప్‌లో పెట్టి పంపవచ్చు కానీ, ఎంత తగ్గించినా బరువే. నాయిన పాత ఫోన్‌లో పట్టవు.

అందుకని ఇంకోటి వెతికి పట్టుకున్నాను. చిన్నది, ఉచితంగా దొరికేది. హంగులేమీ లేవు. మామూలు అక్షరాల్లో రాసుకుంటూ పోతే తేలికైన పేజీలు చేసిస్తుంది. ఆఫీసులో అది ఎవరికీ రాదు, నేర్పేవాళ్లూ లేరు. తప్పులు చేసి, తిట్టుకుని, మళ్లీ చేసి, నాకు నేనే నేర్చుకున్నాను. సహాయం పేజీలన్నీ యాప్‌లోనే ఇమిడిపోయాయి.

సార్ కోపమంతా అక్కడే. నువ్వు వెళ్లిపోతే దీన్ని ఎవరు చూసుకుంటారని అడిగాడు. నేను ఎక్కడికీ వెళ్లడం లేదన్నాను. సోమవారం రెండు రకాల పేజీలూ కంపెనీ పెద్ద సార్ ముందు పెట్టాలి. శశిధర్ సార్ మాటే నెగ్గితే, ఆ పెద్ద సాఫ్ట్‌వేర్ ముందే నేర్చుకున్నవాళ్లు ఆయనకు తెలిసినవాళ్లు ఉన్నారు, నా చోట్లో వాళ్లను పెట్టుకుంటాడు. నన్నింకా పర్మనెంట్ చేయలేదు. ఉద్యోగం పోవచ్చు. భయం లేదని అబద్ధం చెప్పను, అన్నం సహించడం లేదు. కానీ మాట వెనక్కి తీసుకోను.

అందుకే నీకు రెండు పనులు. శనివారం నాయినతో పొలానికి వెళ్లు. నేను పంపిన కొత్త యాప్ నాయిన ఫోన్‌లోనే ఎక్కించు, నీ కొత్త ఫోన్‌లో కాదు. నెట్ పూర్తిగా ఆపేసి, ‘మోటరు తిరగకపోతే ఏం చేయాలి’ అన్న పేజీ తెరువు. నాయిననే చదవనివ్వు, నువ్వు చెప్పకు. ఎక్కడ ఆగాడో, ఏ మాట దగ్గర తల గోక్కున్నాడో నాకు రాయి. పేజీ తెరుచుకోకపోతే తెరుచుకోలేదనే రాయి. చెల్లెలు బాధపడుతుందని మెత్తగా చెప్పావంటే ఊరుకోను.

అమ్మా, నా కోసం ప్రార్థన చెయ్యి. ఉద్యోగం నిలవాలని కాదు, సోమవారం నా గొంతు వణకకుండా ఉండాలని. నాయినా, గోలీలు వేసుకో. వదినా, గొంతు నొప్పి పుట్టేదాకా చదివించాను, ఏమనుకోకు. పాస్టరయ్యకు, వెనక వీధి పెద్దమ్మకు నా వందనాలు చెప్పండి.

అన్నా, రెండో పని రాయనే లేదు. రేపే బడి సారు దగ్గరికి వెళ్లి, నా కోసం ఆపిన ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చేయమను. సోమవారం ఏం జరుగుతుందో చూసి కాదు, రేపే. వెనక్కి రావడానికి చోటు ఉందని తెలిస్తే నేను మెత్తబడతాను.

మీ దీవెనలు కోరే,
కరుణ