నాన్నకు ఇవ్వని సీసా

అమ్మా,

ఈ ఉదయం మా జెట్టీ గొట్టం మీద ఒక నీటికాకి రెక్కలు చాచి ఆరబెట్టుకుంటోంది. నేను కులాసా.

నిన్న నాన్న పనిచేసే ఓడ మా రేవుకే వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీ పొగలోంచి పట్టిన బొగ్గుపులుసు వాయువుతో మేం తయారుచేసే మిథనాల్ అనే ఇంధనం నింపుకుంది. పని అయ్యాక నాన్న నా దగ్గరకొచ్చారు.

"చిన్న సీసాడు పొయ్యి తల్లీ. పొగతో మా అమ్మాయి చేసిందని మన దీవిలో అందరికీ చూపిస్తా. బుబుసి అని అడుగుతున్నా. అలా అడిగితే కాదనడం మనలో లేదు."

అది చూడడానికి మంచినీళ్ళలా ఉంటుంది. గుక్కెడు తాగితే కళ్ళు పోతాయి, ప్రాణమూ పోవచ్చు. మన ఊరి సభామండపంలో ఎవరో ఒకరు రుచి చూడకుండా ఉండరు. ఇవ్వనన్నాను.

"ఎన్ని పుస్తకాలు చదివినా మీ అమ్మ మొండితనం నిన్ను వదల్లేదు" అని నవ్వారు గానీ, నా ముఖం చూడలేదు.

ఆయన ఇంటికొచ్చాక ఈ సంగతి ఎత్తకు. కొబ్బరిపాలతో చేప వండిపెట్టు. బావినీళ్ళు ఇంకా ఉప్పగానే ఉన్నాయా? చెల్లి టియారెటికి దగ్గు తగ్గిందా? నా పాత జపమాల పంపు.

మరియతల్లి మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ ఎరెటీ

తా.క. నాన్నకు ఉద్యోగంలో ఇదే ఆఖరి ప్రయాణం. ఇక ఓడ ఎక్కరు.