తలకట్టు అంటని దస్తూరి

నియామకాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నమూనాల గది సంరక్షకురాలి ఉద్యోగం నిమిత్తం నేను రాసిన చేతిరాత పరీక్షపై వచ్చిన నివేదిక గురించి, సోమవారం జరగబోవు రెండో పరీక్ష నుండి మినహాయింపు గురించి, నా మొదటి పరీక్ష కాగితం నాకు తిరిగి ఇప్పించుట గురించి.

దిగువ సంతకం చేసిన నేను వృక్షశాస్త్రంలో పట్టభద్రురాలిని. విత్తనాల పరీక్షాశాలలో చాలా ఏళ్ళు పనిచేసి, అక్కడ సీసాల మీది చీటీలు మిషను మీద అచ్చు వేయడం మొదలయ్యాక పని పోగొట్టుకున్నదానిని. తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. ఉద్యోగం కోరి వచ్చినవారి చేత గీతలు లేని తెల్లకాగితం మీద తోచింది రాయించి, ఆ అక్షరాలను బట్టి మనిషి స్వభావం నిర్ణయించే పద్ధతి తమ సంస్థలో అమలులో ఉన్నది. సదరు పద్ధతి ప్రకారం నేనూ రాశాను. ఏమీ తోచక, విత్తనాలకు తడి తగలకుండా ఎలా దాచాలో రాశాను. అంతకుముందు అడిగిన ప్రశ్నలకు జవాబులన్నీ సరిగ్గా చెప్పానని తమరే అన్నారు. అయినా ఉద్యోగం రాలేదు. నివేదిక ప్రతి మాత్రం ఇంటికి వచ్చింది.

2. సదరు నివేదికలోని మాటలు యథాతథంగా: "తలకట్లు అక్షరాన్ని తాకడం లేదు. ఈ వ్యక్తి మనసు చేస్తున్న పనికి కొంచెం పైన ఎక్కడో తేలుతూ ఉంటుంది. సున్నాలు మూసుకోలేదు. ఎవరేం అడిగినా కాదనలేదు. వాక్యం మొదట్లో ఉన్న ఒత్తిడి చివరికి వచ్చేసరికి లేదు. అలసట దాచుకుంటుంది. ఒంట్లో బాగాలేకపోయినా నవ్వించి మాట తప్పిస్తుంది. ఎక్కువకాలం ఉండదు. సిఫారసు చేయడం లేదు."

అయ్యా, ఇందులో ఒక్క ముక్క కూడా నా గురించి కాదు. నాకు నవ్వించడం చేతకాదు. కాదనడం మాత్రం బాగా వచ్చు. ఏది పెట్టినా అబ్బే అనేదాన్నని చిన్నప్పుడు ఇంట్లో నన్ను అబ్బే అనే పిలిచేవారు. నాకు జబ్బేమీ లేదు; తమ డాక్టరు గారి సర్టిఫికెట్టు జతపరచడమైనది.

నివేదికలో ఉన్నది మా అక్క.

3. మా అక్క అదే పరీక్షాశాలలో సీసాల మీద చీటీలు రాసేది. గోడ పొడవునా అద్దాల బీరువాలు, వాటి నిండా సీసాలు, అన్నిటి మీదా ఒకే దస్తూరి. తను సెలవు పెట్టిన రోజున ఆ పని నాకు పడేది. "రెండు రకాలుగా ఉంటే చూసేవాళ్ళకి అనుమానం వస్తుందమ్మా, అంతా ఒకరే రాసినట్టుండాలి" అని పెద్దసారు పట్టు. అందుకని అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన అక్షరం నేర్పింది.

"అంత బిగబట్టి రాయకే. తలకట్టు పెట్టడమంటే మేకు కొట్టడం కాదు. పిట్ట వాలబోయి మానుకున్నట్టుండాలి" అనేది. చెయ్యి పట్టుకుని మరీ దిద్దించేది.

తర్వాత తర్వాత సెలవులు ఎక్కువయ్యాయి. ఏమిటే అంటే జలుబనేది. "నా ఉద్యోగం కాజేసేట్టున్నావే అబ్బే, కుర్చీ కూడా నీ ఒంటికి సరిపోయినట్టే ఉంది" అనేది. నవ్వేవాళ్ళం. అక్క పోయాక ఆ కుర్చీలో నన్నే కూర్చోబెట్టారు. బీరువాలో ఏ సీసా దగ్గర తను ఆగిపోయిందో, ఏ సీసా దగ్గర నేను మొదలయ్యానో ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను. అంతకు ముందు నాకంటూ ఒక దస్తూరి ఉండి ఉండాలి. అది ఎలా ఉండేదో గుర్తు లేదు.

4. తమ సంస్థ దస్తూరి నిపుణురాలిని వెళ్ళి కలిశాను. ఆవిడ మంచి మనిషి. నా కాగితాన్ని కిటికీ వెలుతురుకు అడ్డం పెట్టి చూపించారు.

"ఇది మా అక్క అక్షరమండీ" అన్నాను.

"అక్షరం ఎవరిదైతేనేం, చెయ్యి నీదేగా అమ్మా. తలకట్టు కిందికి దించి అంటించు. సున్నాలు మూసెయ్యి. వాక్యం చివర కాస్త పైకి ఎత్తు. రోజూ ఓ పేజీ రాయి. అక్షరం మారితే మనిషీ మారతాడు. నేను మళ్ళీ పరీక్ష పెట్టిస్తాగా" అన్నారు.

అడగకూడనిది అడిగాను. ఆ రోజుల్లో మా అక్క రాసిన చీటీలు ఆవిడకు చూపించి ఉంటే జబ్బు సంగతి తెలిసేదా అని. ఆవిడ కళ్ళజోడు తీసి, పైటకొంగుతో తుడుచుకున్నారు. తర్వాత నా కాగితం ఫైల్లో పెట్టుకున్నారు.

రోజూ రాస్తున్నాను. ఈ అర్జీ సదరు కొత్త దస్తూరిలోనే ఉన్నదని తమరు గమనించగలరు. సున్నా మూసేటప్పుడు నా చేతి మీద ఇంకో చెయ్యి ఉన్నట్టుంటుంది. దానివల్ల భయం లేదు. మూయడం పూర్తయి, చెయ్యి తేలికైనప్పుడే భయం.

మా అక్క కూతురు నా దగ్గరే ఉంటున్నది. నేను బయటికి వెళ్తూ వంటింటి తలుపుకు చీటీ పెట్టడం అలవాటు. పాలు కాచి పెట్టాను, గొడుగు మరిచిపోకు, ఇటువంటివి. మొన్న కొత్త దస్తూరిలో పెట్టి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి చీటీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంటికి ఎవరొచ్చారు పిన్నీ?"

"ఎవరూ రాలేదే."

"మరిదెవరు రాశారు?"

"నేనే. ఉద్యోగానికి ఇలా రాయాలట. బాగోలేదా?"

"బాగానే ఉంది. కరెంటాఫీసు నోటీసులా ఉంది" అంది. "పాత చీటీలు పారేశావా?" అని అడిగింది.

పారెయ్యక? పాలు కాచిన చీటీ ఎవరు దాస్తారు? ఆ పిల్ల వెళ్ళి చెత్తబుట్టలో వెతికింది. వాళ్ళమ్మ చీటీలు రాసిన సీసాలు దాని గదిలో కొన్ని ఉన్నాయి. నేను పెట్టిన చీటీలు తీసుకెళ్ళి వాటి పక్కన ఆనించి చూసుకునేదట. ఇన్నేళ్ళలో నాకు చెప్పలేదు.

మా అక్క ఎవరో తమకు తెలియదు కనుక, సదరు విషయం దిగువ అంశంలో వివరించడమైనది.

6. పై అంశంలో మనవి చేసినదానిని బట్టి తమకు నా ఇబ్బంది బోధపడి ఉంటుంది. ఈ దస్తూరి శాస్త్రం అంతా ఒట్టిదని వాదించడానికే నేను అర్జీ రాయ కూర్చున్నాను. పైతొక్క చూసి విత్తనం మొలుస్తుందో లేదో చెప్పలేమని ఏళ్ళ తరబడి పరీక్షించి చూసినదానిని. అక్షరం చూసి మనిషిని చెప్పగలమంటే నేనెలా ఒప్పుకుంటాను? ఒట్టిదని రుజువు చేస్తే ఉద్యోగం నాకు రావచ్చు కూడా. కానీ అది ఒట్టిదే అయితే, ఆ నివేదికలో అక్క లేదు. తనను ఎన్నడూ చూడని మనిషి ఒక కాగితం చూసి, నవ్వించి మాట తప్పిస్తుంది అని రాసింది కేవలం ఊహ. నిజమైతే అక్క ఉంది, నాకు ఉద్యోగం లేదు. ఏది కోరాలో తేల్చుకోకుండా అర్జీ పెట్టరాదని తెలుసును. ఉద్యోగం మాత్రం కావాలి. మా ఇద్దరికీ వేరే ఆధారం లేదు.

7. కావున తమరు దయయుంచి:

(అ) సోమవారం నాకు చేతిరాత బదులు పని పరీక్ష పెట్టించగలరు. ఏ నమూనాలైనా నా ముందు పోసి, వేరుచేసి భద్రపరచమనండి.

(ఆ) అందుకు నిబంధనలు ఒప్పుకోనిచో, ఆఫీసులో ఏదైనా మిషను మీదే రాస్తానని నాచేత హామీ పత్రం తీసుకోగలరు. అక్కడ నా దస్తూరి ఎవరి కంటా పడదు. ఇంట్లో చీటీలు నా ఇష్టానికి వదిలేయండి.

(ఇ) రెండూ కుదరకపోయినా, నా మొదటి పరీక్ష కాగితం నాకు ఇప్పించగలరు. అందులో విత్తనాల గురించి తప్ప వేరే ఏమీ లేదు. తమ ఫైలుకు దానితో పని తీరిపోయింది.

ఈ నా మొర తమ చిత్తానికి తెచ్చుకొని, వీలైన మేరకు మేలు చేయగలందులకు ప్రార్థించుచు,

తమ విధేయురాలు,
సంరక్షకురాలి ఉద్యోగపు అభ్యర్థిని

తా.క. ఐదో అంశం లేకపోవడం తమరు గమనించే ఉంటారు. అది నా పొరపాటు కాదు. మా అక్క ఎలాంటిదో ఒక పేజీ నిండా రాశాను. రాశాక చూసుకుంటే తలకట్లన్నీ విడిపోయి ఉన్నాయి. సున్నాలు తెరుచుకుని ఉన్నాయి. ముందు పేజీల పక్కన పెడితే ఎవరో వచ్చి రాసి వెళ్ళినట్టుంది. తిరగరాద్దామని ఇంకో కాగితం తీస్తుంటే మా అమ్మాయి వచ్చి నా భుజం మీదుగా చూసింది. "ఇది ఆఫీసు వాళ్ళకెందుకు పిన్నీ?" అని ఆ పేజీ తీసుకుని తన గదిలోకి వెళ్ళింది. అడిగితే ఇచ్చేస్తుంది. నేనే అడగలేదు. తమరు అది లేకుండానే నిర్ణయించగలరు. ఐదో అంశం మళ్ళీ రాసి పంపమని మాత్రం ఆదేశించవద్దు. ఈసారి కొత్త దస్తూరిలో వస్తుందేమోనని భయంగా ఉంది.