నా గొంతు అప్పలనర్సమ్మ చేతిలో

అల్లూరి సీతారామరాజు జిల్లా, జి.మాడుగుల మండలం, బూరుగుమెట్ట గూడెంలో ఉంటున్న వంతల కనక అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు వచ్చే పెళ్లిలో నా ఎదురుగా కూర్చోవచ్చు. ఈ కొండల్లో ఆడపెళ్లివారి తరఫున వేళాకోళం పాటలు పాడేది నేనే.

1. పట్టా ఉన్న కాఫీ తోట, మిరియాల తీగలతో సహా, నా కొడుకు సోమన్నకు. గిరిజనులు కానివారికి అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

2. వెండి కడియాలు కూతురు స్వర్ణకు. ఒకటి వంగి ఉంటుంది. దాని పెళ్లిలో నేను గెంతిన గుర్తు అది, సాపు చేయించకూడదు.

3. సౌండు బాక్సులు అద్దెకిచ్చే అల్లుడు రవికుమార్‌కు, అతని బాక్సు నుంచి నేను పీకేసిన వైరు. చూరుకు వేలాడుతోంది. పోయిన మాఘంలో నాకు జ్వరం వస్తే, నా పాత వీడియోలూ ఊరివాళ్ల వివరాలూ ఏఐ అనే మిషనుకు ఎక్కించి, నా గొంతుతో కొత్త పాటలు కట్టించి పెళ్లిలో వేశాడు. “నీ గొంతే కదత్తా, ఏటి తేడా?” అన్నాడు. ఆ మిషను, పెళ్లికొడుకు తల్లి గాయత్రిని, మొగుడు వదిలేసిన సంగతి ఎత్తి ఆడిపోసుకుంది. ఆమె విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. విని జ్వరంతోనే వెళ్లి వైరు పీకాను. నేనూ చాలామందిని ఏడిపించాను. కానీ ఎదురుగా ఉండి, తిరిగి నన్ను అనగలిగినవాళ్లనే అన్నాను. మిషనును ఎవరు తిరిగి అనగలరు?

4. ఇంటి వెనక తేనె పనస చెట్టు గాయత్రికి. ఆ మాట నాది కాదని ఆమెకు తెలుసు. అయినా నా గొంతుతో విన్నది కదా, నాకు బాధగా ఉంది.

5. ఇక నా గొంతు. బతికున్నవాళ్ల గొంతు దొంగిలిస్తే కోర్టుకు వెళ్లవచ్చట. పోయినవాళ్ల గొంతు ఎవరిదో చట్టం ఇంకా సరిగ్గా తేల్చలేదని పాడేరు లాయరమ్మ సత్యకుమారి చెప్పింది. అది తేలేదాకా ఆగే వయసు కాదు నాది. కాబట్టి నేను పోయాక నా గొంతుతో ఏ మిషనూ కొత్త మాట పలకకూడదు. పాత పాటలు వేసుకుని హాయిగా చిందెయ్యండి. దీనికి కాపలా, మగపెళ్లివారి తరఫున ముప్పై ఏళ్లుగా నాతో పోటీపడి పాడుతున్న అప్పలనర్సమ్మ. నా పిల్లలు మొహాలు ముడుచుకోనక్కర్లేదు. ఆ పెళ్లిలో వాళ్లంతా మిషను పాటకు ఊగుతుంటే, రెండో చరణానికే ఆమె “ఇది కనక కాదర్రా. కనకయితే నా వంతు నాకు ఇడిసిపెట్టును” అని కూర్చుండిపోయిందట. ఏది నా మాట కాదో ఆమెకే తెలుసు. నన్ను కప్ప గొంతుదాన్నని పాడినందుకు మాత్రం క్షమించలేదు.

వీలునామాలో భాగం ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెట్టకపోవడమే మంచిదని లాయరమ్మ అనడంతో, అప్పలనర్సమ్మ ఇప్పుడు గుమ్మం బయట ఉంది. ఆమె నోరు మూయించిన మొదటి చట్టం ఇదే.

6. ఈ అంశం నేను పోయేదాకా ఆమెకు చెప్పకూడదు. నా దినం భోజనాల నాడు ఆమె నా మీద ఒక్క వేళాకోళం పాట పాడవచ్చు. తిరిగి అనలేనివాళ్లను అనడం తప్పే, కానీ నేను అనగలను. ఆమె ఏం పాడుతుందో నాకు తెలుసు కనుక, జవాబు నా నోటితోనే పాడి స్వర్ణ ఫోనులో ఉంచాను. పాట అవ్వగానే అది వెయ్యాలి. ఆఖరి చరణం సగంలో ఆగిపోతుంది. ఫోను పాడైందని ఎవరూ కంగారు పడొద్దు. మిగతా సగం అప్పలనర్సమ్మ వంతు.

తేదీ: 14 నవంబరు 2025, బూరుగుమెట్ట

(సంతకం) వంతల కనక

సాక్షులు:
కొర్రా బుధు, గూడెం పెద్ద
పాంగి సోములు, డోలు వాయించేవాడు