మార్చి మూడు లోపల ఆరువందల పది మాటలు

జనవరి 1, గురువారం
ఉదయం 7:10. బయట సున్నాకి పన్నెండు డిగ్రీలు కింద. కాఫీ రెండో కప్పు.

ఇవాళ్టి నుంచి రోజుకి పది ఇంగ్లీషు మాటలు. చిన్నవి కాదు. చిన్నవి నాకు ఎప్పుడో వచ్చు, పుట్టింది ఈ వెర్మాంట్ కొండల్లోనే, ఇంకో భాష తెలీదు. నాక్కావలసినవి పెద్దవి. ప్రెస్కాట్ గారు వాడే రకం.

ఎందుకో రాసి పెట్టుకోవాలి, లేకపోతే ఫిబ్రవరికల్లా మర్చిపోతాను. పోయినేడు మార్చిలో ఊరి సభలో ప్రెస్కాట్ గారు లేచి ఒక వాక్యం మాట్లాడారు. ఆయన బోస్టన్‌లో కాలేజీ పాఠాలు చెప్పి, రిటైరై మా ఊరొచ్చి, మూడేళ్లకే ఊరి బోర్డుకి పెద్ద అయ్యారు. ఆ వాక్యంలో ముప్పై మాటలుంటే నాకు అర్థమైంది 'రోడ్డు' ఒక్కటే. అడగడానికి సిగ్గేసింది. అందరూ చెయ్యెత్తారు, నేనూ ఎత్తాను. తీరా చూస్తే మా కొండ రోడ్డు మీద శీతాకాలంలో మంచు తీయడం అవసరమా కాదా పరిశీలిద్దాం అన్నదానికి నేను ఒప్పుకున్నానట. పరిశీలించారు. అవసరం లేదట. ఈ మార్చి 3న సభలో దాని మీద ఓటు.

ఆ రోడ్డు మీద ఉన్నవి రెండే ఇళ్లు. ఒకటి నాది. పైన ఎర్ల్ పెద్దాయనది, ఎనభయ్యారేళ్లు. మంచు తీయకపోతే ఇద్దరం ఇళ్లు వదిలి దిగిపోవాలి. నా ఇల్లు నా చేత్తోనే పోగొట్టుకుంటే నన్ను నేను క్షమించుకోను.

అందుకని ఈసారి నేనే లేచి మాట్లాడతాను. ఆయన భాషలోనే.

సరంజామా:
– డిక్షనరీ. మా ఆయన రే ఉన్నప్పుడు పెరటి తలుపు కొట్టుకోకుండా దీన్నే అడ్డం పెట్టేవాడు. తలుపుకి ఇప్పుడు ఇటుక పెట్టాను.
– ఖాళీ కార్డులు మూడొందలు. వంటలు రాసుకునే కార్డుల డబ్బాలోంచి కేకుల కార్డులన్నీ తీసేసి వీటికి చోటు చేశాను.
– పసుపు పెన్ను.

అరవై ఒక్క రోజులు, రోజుకి పది. ఆరువందల పది. ప్రెస్కాట్ గారూ, కాచుకోండి.

జనవరి 2, శుక్రవారం
మధ్యాహ్నం 12. పదీ వచ్చేశాయి. ఇంత తేలికని తెలిస్తే పదహారేళ్లప్పుడే చేసేదాన్ని.

1:30. ఇంకో నాలుగు అదనంగా. ఈ లెక్కన ఫిబ్రవరి మధ్యకే అయిపోతాయి. ఆ తరవాత ఫ్రెంచి మొదలుపెట్టాలా?

జనవరి 5, సోమవారం
సెలవులయ్యాయి, బడి వంటగది తెరిచాం. నూట నలభై మంది పిల్లలకి మాకరోనీ. వరసలో తోసుకుంటున్నారు. నిన్న నేర్చుకున్నది వాడాను: "మీరందరూ ఆబ్‌స్ట్రెపరస్‌గా ఉన్నారు!" అంటే గోల చేసే రకం అని. వాళ్లకది బిరుదులా నచ్చింది. పళ్లాలు కొట్టుకుంటూ అదే మాట పాడారు. ప్రిన్సిపల్ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నా మాట అప్పుడే జనంలోకి వెళ్లింది మరి.

జనవరి 9, శుక్రవారం
రోజుకి పదంటే కాస్త ఎక్కువేమో. వేగం కన్నా లోతు ముఖ్యం. రోజుకి ఐదు.

జనవరి 13, మంగళవారం
లోతు బాగా రావాలంటే రెండు.

మొదటి వారం నేర్చుకున్న డెబ్భైలో ఇవాళ పరీక్ష పెట్టుకున్నాను. పదకొండు గుర్తున్నాయి. అందులో నాలుగు ఒకదానికొకటి అర్థం మారిపోయాయి. కార్డులు ఫ్రిజ్‌కి అంటించాను కదా, పాలు తీసినప్పుడల్లా రాలుతున్నాయి. తప్పు నాది కాదు, అయస్కాంతాలది.

జనవరి 21, బుధవారం
సాయంత్రం 4:40. ఎర్ల్‌కి సూప్ పట్టుకెళ్లాను. కిటికీ దగ్గర ఒక్కడూ కూచుని ఉన్నాడు. "ఇవాళ మీరు లగూబ్రియస్‌గా కనిపిస్తున్నారు" అని ఆయనకి వినపడేట్టు అరిచాను. దిగులు మొహం అని దానర్థం.

"అది అంటుకునేదా అమ్మాయ్?" అన్నాడు. "అంటుకునేదైతే దూరంగా కూచో. నీకు బడి ఉంది."

సూప్ మాత్రం మొత్తం తాగాడు.

ఫిబ్రవరి 1, ఆదివారం
పది రోజులు రాయలేదు. కారణాలు:
– జలుబు.
– నీళ్ల గొట్టం గడ్డకట్టింది.
– జలుబు తగ్గాక అలవాటు తప్పింది.
– జి అక్షరం పుటలకి ఏదో జిగురు అంటుకుంది. రే ఆ డిక్షనరీ మీద ఏం పెట్టాడో దేవుడికే తెలియాలి.
– కేకుల కార్డులు కనిపించలేదు. అవి వెతకడంలో ఒక రోజంతా పోయింది. దొరికాక కేకు చేయకుండా ఉండలేకపోయాను.

ఫిబ్రవరి 10, మంగళవారం
కొత్త ఆలోచన. మాటలు బట్టీ పట్టడం దేనికి? ఉపన్యాసమే రాసేస్తాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని. చిన్న మాట పడ్డ చోటల్లా దాన్ని పీకి పెద్దది నాటుతాను. చదివేటప్పుడు కాగితం చేతిలోనే ఉంటుంది కదా, గుర్తుండాల్సిన పనేముంది?

సాయంత్రం 6. నాలుగు పేజీలయింది. పెద్ద మాటలు నలభై మూడు. బ్రహ్మాండంగా ఉంది. మొదటి పేజీ నాకే సరిగ్గా అర్థం కావడంలేదు.

ఫిబ్రవరి 19, గురువారం
మధ్యాహ్నం 2. రాత్రంతా మంచు. ట్రూడీ వచ్చింది. రే చెల్లెలు, ఊళ్లో మంచు తోసే బండి నడిపేది ఆవిడే. కాఫీకి ఆగితే బండిలోనే కూచోబెట్టి ఉపన్యాసం వినిపించాను. రెండో పేజీకి కళ్లు మూసింది.

"నిద్రపోతున్నావా?"

"వింటున్నా వదినా. ఇందులో ఎర్ల్ ఉన్నాడా లేడా?"

"నాలుగో పేజీలో వస్తాడు."

"అప్పటిదాకా బతికుంటాడంటావా?"

కాఫీ కప్పు లాక్కున్నాను.

"అది కాదు వదినా," అంది. "పోయినేడు సభకి ముందు నెలలో పెద్దాయన మెట్ల మీద పడి తుంటి విరిగిన రోజున అంబులెన్సు నా బండి వెనకాలే కదా ఎక్కింది. ముందు నేను తోసుకుంటూ వెళ్తే పదకొండు నిమిషాలు పట్టింది. ఆ ముక్క చెప్పు, చాలు."

"అది నాలుగో పేజీలో ఉంది. ముందు వాళ్లని సిద్ధం చెయ్యాలి."

"దేనికి, ఆపరేషనుకా?"

దీనికి చదువంటే లెక్కలేదు. అన్న పోలికే.

మార్చి 1, ఆదివారం
సభ భోజనం ఎప్పట్లాగే నా చేతిలోనే. నూట ముప్పై మందికి బీన్స్, హామ్, మొక్కజొన్న రొట్టె. బీన్స్ నానబోశాను. మేపుల్ సిరప్ రెండు గ్యాలన్లు. డిక్షనరీ ఎక్కడుందో కనపడలేదు. ఇంకెందుకులే, పని అయిపోయింది కదా.

మార్చి 2, సోమవారం
మొత్తం నేర్చుకున్నవి: ఆరువందల పది కావాలి. ఉన్నవి పంతొమ్మిది. కార్డుల వెనక వైపు సభకి సరుకుల జాబితా రాశాను. దండగ పోలేదు.

భయంగా ఉంది. ఇది నిజం. రే పోయినప్పుడు కూడా ఈ ఇంట్లోనే నెట్టుకొచ్చాను. దిగిపోతే ఎక్కడికెళ్తాను?

మార్చి 3, మంగళవారం
సాయంత్రం 5:30. కాళ్లు లాగుతున్నాయి. వరసగా రాస్తాను.

ఉదయం 9. బడి జిమ్‌లో సభ. నూట పాతికమంది, సగంమంది చేతిలో అల్లికలు. ఎర్ల్‌ని ట్రూడీ తీసుకొచ్చి ముందు వరసలో కూచోబెట్టింది.

11:30. లోపలికెళ్లి బీన్స్ పెట్టిన పొయ్యిలు పెంచి వచ్చాను. సరిగ్గా పన్నెండుకి పొగలు కక్కుతుండాలి.

11:50. మా రోడ్డు అంశం వచ్చింది. ప్రెస్కాట్ గారు రెండు నిమిషాలు మాట్లాడారు. నేను లేచాను. "మాడరేటర్ గారూ" అన్నాను. సభ నడిపేది ఆయనే, ఎవరితో దెబ్బలాడినా ఆయన మొహం చూసే దెబ్బలాడాలి. చదవడం మొదలుపెట్టాను.

మొదటి పేజీ అందరూ విన్నారు. వినడం అంటే, మొహం వైపు చూశారు. రెండో పేజీ మధ్యలో వంటగది తలుపు ఎవరో తీశారు. సిరప్పూ ఆవాలూ కలిసిన ఆ వాసన జిమ్ అంతా వచ్చింది. అల్లికలు సంచుల్లోకి వెళ్లాయి. వెనక బెంచీలో ఎవరి కడుపో గట్టిగా మూలిగింది. నా బీన్స్ నన్నే ఓడించాయి.

"లోరేన్," అన్నారు మాడరేటర్, "పన్నెండయింది. ఇంకా ఎంతుంది?"

"రెండు పేజీలు."

జిమ్ మొత్తం ఒక్కసారి నిట్టూర్చింది. ముప్పై ఏళ్లుగా ఈ ఊరికి వండుతున్నాను, భోజనానికి ముందు ఎవరూ లేచి మాట్లాడకూడదని నాకు తెలియదా? ఎవరో చర్చ ముగించమన్నారు, భోజనం కాగానే నేరుగా ఓటు. చేతులెత్తమన్నారు. అన్నీ లేచాయి. ట్రూడీది కూడా.

"ఏం చెయ్యను వదినా, ఆకలేసింది," అంది తరవాత.

ఎర్ల్ సంగతి ఇంకా చెప్పనేలేదు. అదంతా నాలుగో పేజీలో ఉండిపోయింది. వంటగదిలోకెళ్లి ఏప్రన్ కట్టుకుంటుంటే కళ్లనీళ్లు ఆగలేదు.

12:10. గరిటె పట్టుకుని నిలబడ్డాను. వరస మొదలైంది. మొదట పాల డెయిరీ ఆయన వచ్చాడు. "ఏదో చదివావు కదా లోరేన్, అసలేంటది?"

"పోయినేడు ఎర్ల్ పడ్డప్పుడు అంబులెన్సు ట్రూడీ బండి వెనకాలే కొండెక్కింది. పదకొండు నిమిషాల్లో. బండి రాకపోతే ఎక్కేది కాదు. బీన్స్ ఇంకొంచెం వెయ్యనా?"

ఆయన పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "అదా సంగతి," అన్నాడు.

వెనకావిడా అదే అడిగింది. ఆమెకీ అదే చెప్పాను. ఆ వెనకాయనకీ. ఒక్కొక్కరికి ఒక గరిటె బీన్సు, ఒక ముక్క సంగతి. నలభయ్యో మనిషి వచ్చేసరికి ఇంకో ముక్క నోటికొచ్చింది. "నా ఇల్లు కూడా ఆ దారిలోనే, నేను దిగిపోలేను" అని కలిపాను. ఆ ముక్క నాలుగు పేజీల్లో ఎక్కడా రాయలేదు.

చివర్లో ప్రెస్కాట్ గారు.

"మీ రెండో పేజీలో ఒక మాట నాకూ తెలియలేదండీ," అన్నారు.

"నాకూ తెలీదండీ. డిక్షనరీలో బాగుందని పెట్టాను."

ఆయన నవ్వలేదు. "అంబులెన్సు విషయం బోర్డులో ఎవరూ చెప్పలేదు నాకు."

"పోయినేడు నేనే చెప్పాల్సింది. మీరు మాట్లాడింది అర్థం కాలేదు. అడగడానికి సిగ్గుపడ్డాను."

"అడగాల్సింది మీరు కాదులెండి," అని రెండో గరిటె కోసం పళ్లెం చాపారు.

1:15. కాగితాల మీద ఓటు. మంచు తీయడం ఆపాలి: యాభై నాలుగు. ఆపకూడదు: అరవై తొమ్మిది. బీన్స్ మిగల్లేదు.

మార్చి 4, బుధవారం
సాయంత్రం 4:15. బడి నుంచి నేరుగా ఎర్ల్ ఇంటికెళ్లాను.

"నిన్న కాగితాలు చదివావు కదమ్మాయ్," అన్నాడు. "చెవి మిషను సొరుగులోనే మర్చిపోయి వచ్చాను. ఒక్క ముక్క వినపడలేదు. నా గురించేనటగా. చదువు."

సంచిలోనే ఉన్నాయి. మిషను పెట్టించి, నాలుగు పేజీలూ గట్టిగా చదివాను. నాలుగో పేజీ బయటికి చదవడం అదే మొదటిసారి. రే పోయిన శీతాకాలం ఎవరూ అడక్కుండానే ఈయన రోజూ పొద్దున్నే పార పట్టుకుని దిగొచ్చి నా మెట్ల మీద మంచు తీసి, తలుపు కూడా తట్టకుండా వెళ్లిపోయిన సంగతి అందులో ఉంది. పదిహేను పెద్ద మాటల కింద ఎక్కడో పడి ఉంది గానీ, ఉంది.

ఎర్ల్ చెవి మిషను సర్దుకున్నాడు.

"ఇన్‌ఎక్సరబుల్ అన్నావు. అంటే?"

"ఎంత బతిమాలినా ఆగనిది."

"ప్రెస్కాటా?"

"మీరే. వద్దు, నేను తీసుకుంటానంటే ఒక్కరోజైనా ఆగారా?"

చేతి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. "మంచి మాట. ఎనభయ్యారేళ్లొచ్చాయి, నన్నెవరూ అలా అనలేదు. తక్కినవి?"

"తక్కినవాటిలో సగం అర్థాలు నాకు గుర్తులేవు."

"అయితే చూసుకుని రా. రోజుకొకటి. ఎలాగూ రోడ్డుంది కదా."

6:00. డిక్షనరీ దొరికింది. పెరటి తలుపు దగ్గరే ఉంది. ఇటుక ఎప్పుడు తీసేశానో నాకే గుర్తులేదు.

రేపటి నుంచి రోజుకి ఒకటి. అర్థం కూడా నేర్చుకునే వెళ్లాలి. ఈసారి వినేవాడు అడుగుతాడు.